నల్గొండ ఎండల్ల బాల్ పైథాన్: హీటర్ కన్నా ముందు కూలర్ కొనుక్కోండ్రి

ఎండకాలం గడిచింది. ఇంట్ల సాదుకుంటున్న నా బాల్ పైథాన్ పాము మంచిగనే ఉంది, తింటున్నది, కండ్ల మీది పొరతో సహా కుబుసం ఒక్క ముక్కల విడిచింది. మే నెలల నల్గొండల ఈ పని చేయించినోళ్లు ఎందరున్నరో చూపించుండ్రి! వీడియోలల్ల పాఠాలు చెప్పేటోళ్లల్ల శానామంది చలి దేశాలోళ్లు. పామును ఉంచే డబ్బ ఎట్ల వేడి చెయ్యాలె అన్నదే వాళ్ల రంది. మనకు ఆ రంది డిసెంబరు, జనవరిలల్లనే. మిగిలిన కాలమంతా ఉల్టా.

ముందుగాల చట్టం సంగతి. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. మన అమ్రాబాద్ అడవుల ఉండే కొండచిలువ వేరే. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలుల ఉంది, ఇంట్ల పెట్టుకుంటే 3 నుంచి 7 ఏండ్ల జైలు. కాల్వ కట్ట మీద దొరికిందని మెడల ఏసుకొని రీల్స్ తీసే పోరగాండ్లకు ఈ ముచ్చట ఎవ్వరు చెప్పరు. ఇంకోటి, పిల్ల కొండచిలువ అనుకొని రక్తపింజరను పట్టుకుంటే జైలు దాకా పోయే పని కూడా ఉండదు, నేరుగ ఐసీయూనే.

బాల్ పైథాన్‌కు అదే చట్టం 2022 సవరణతోని నాలుగో షెడ్యూలు, అంటే అంతర్జాతీయ వ్యాపారం మీద కట్టడి ఉన్న జీవుల జాబితా, వర్తిస్తది. 2024 ఫిబ్రవరిల వచ్చిన నిబంధనల ప్రకారం పాము చేతికొచ్చిన 30 దినాలల్ల కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్‌ల నమోదు చెయ్యాలె. ఫారం నింపుడు అలకనే. నన్ను సతాయించింది మనుషులు. ఒక ఆఫీసుల సారు ఫొటో చూసి “ఇది కొండచిలువనే, కేసు అయితది, ఎవరిచ్చిండ్రు నీకు?” అని పదిమంది ముందట దొంగను అడిగినట్టు అడిగిండు. కొండచిలువ తల మీద బల్లెం ములుకు లెక్క మచ్చ ఉంటది సారూ, ఇది ఎంత పెరిగినా నాలుగైదు అడుగులే, అంటే “నువ్వు నాకు చెప్తవా” అన్నడు. అందుకే పోయేటప్పుడు మాటలు కాదు, కాయితాలు పట్టుకపోండ్రి: అమ్మినాయన పేరు, సంతకం ఉన్న బిల్లు, పామును పై నుంచి, పక్క నుంచి తీసిన ఫొటోలు, డబ్బ ఫొటో. బిల్లు ఇయ్యనని నసిగేటోని దగ్గర సగం ధరకు వచ్చినా కొనొద్దు.

కొనే ముందు ఇంకో లెక్క. ఇది 25, 30 ఏండ్లు బతుకుతది. అమెరికాల సెయింట్ లూయిస్ జూల 60 దాటిన ఆడ బాల్ పైథాన్ 2020ల గుడ్లు పెట్టింది. మీరు ఉద్యోగం మారితే, పెండ్లయితే దీన్ని ఎవరు చూస్తరో ఇప్పుడే అనుకోండ్రి.

డబ్బ సంగతి తేలిక. పెద్ద పాముకు నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. పిల్లకు మూతకు క్లిప్పులున్న ప్లాస్టిక్ టబ్బు చాలు. ఎంత చిన్న సందున్నా దూరి పోతది గనుక రెండు దిక్కుల క్లిప్పులు గట్టిగ ఉండాలె. దాక్కునే గూళ్లు రెండు, వేడి దిక్కు ఒకటి, చల్ల దిక్కు ఒకటి. చుట్ట చుట్టుకుంటే ఒళ్లు గోడలకు తగిలేటంత ఇరుకు ఉండాలె, విశాలమైన గూట్ల దానికి ధైర్యం రాదు. కింద పరవడానికి నర్సరీల దొరికే కోకోపీట్, లేకపోతే కొబ్బరి పీచు ముక్కలు. సా మిల్లు పొట్టు ఫుకట్‌గ దొరుకుతదని తేవొద్దు. ఏ కట్టె పొట్టో తెల్వదు, కొన్ని కట్టెల నూనె వాసన దాని ఊపిరికి పడదు.

ఇగ అసలు బాధకొస్త. వేడి దిక్కు 31, 32 డిగ్రీలు, చల్ల దిక్కు 26, 27, తేమ 55 నుంచి 65 శాతం. ఈ మూడు అంకెలు అన్ని దేశాలకు ఒక్కటే. పాముకు సొంత వేడి ఉండదు, వేడి కావాలంటే అటు, చల్లగ కావాలంటే ఇటు జరుగుతది. దుకాణపాయన హీట్ మ్యాట్ (డబ్బ కింద పెట్టే కరెంటు వేడి పట్ట), బల్బు, థర్మోస్టాట్ (పెట్టిన వేడికి చేరంగనే కరెంటు ఆపే మిషన్) కలిపి సెట్టు అంటగట్టి, “థర్మోస్టాట్ పెడితే ఇగ మీరు చూసే పనే లేదు” అంటడు. నల్గొండల మార్చి నడిమి నుంచి ఆ మాట పచ్చి అబద్ధం. థర్మోస్టాట్ మ్యాట్‌ను ఆపుతది అంతే, గదిని చల్లబర్చదు. 32కు పెట్టి, మ్యాట్ ఆగిపోయి కూడా డబ్బల 38 చూపిస్తుంటే బుర్ర తిరుగుతది. మిషన్ చెడిపోయిందని అదే దుకాణం ఇంకోటి అమ్ముతది. చెడింది మిషన్ కాదు. గదే 38 ఉంది. అప్పుడు డబ్బల చల్ల దిక్కే లేదు, పాము ఎటు జరిగినా పొయ్యే. 35 మీద గంటలు గంటలు ఉంటే పానానికే ముప్పు. ఆగకుండ తిరుగుడు, మూతకు ముక్కు రాసుడు, నీళ్ల గిన్నెల పడి ఉండుడు, నోరు తెరుసుడు, ఇవన్నీ దాని మొర.

గది ఎంచుకునుడే సగం పని. మన ఆర్‌సీసీ స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి ఇంట్లకు కక్కుతది. పై అంతస్తు గదిల మాపటికన్నా రాత్రి 9 గంటలకే ఎక్కువ ఉడుకు. అందుకే కింది అంతస్తు, ఉత్తరం గోడ, పడమటి కిటికీ లేని గది. డబ్బ అల్మారా మీద కాదు, కింద. మాపటీలి 4కు, రాత్రి 9కి, పొద్దుగాల 5కు థర్మామీటర్ చూసి రాసుకోండ్రి, ఆ గది పనికొస్తదో లేదో రెండు దినాలల్ల తెలుస్తది. థర్మామీటర్ డిజిటల్‌ది కావాలె, వైరు మొన డబ్బ అడుగున ఉండాలె. గోడకంటించే ముల్లు గడియారం లాంటిది తేమ 60 చూపిస్తే నమ్మొద్దు.

ఏప్రిల్, మే నెలలల్ల ఏసీ కన్న కూలరే నయం. ఏసీ వేడితోపాటు తేమ కూడా గుంజుకపోతది, పాము కుబుసం ముక్కలు ముక్కలైతది. మన ఎండకాలం గాలి ఎండు గాలి. బయట 43 ఉన్నా గడ్డి మెత్తలు మంచిగ తడిసే కూలర్ గదిని 29, 30కి దించుతది, తేమ కూడా ఇస్తది. ఒక్క తీరుగ మన అదృష్టం అది. కూలర్ కిటికీకి పెట్టి, ఎదురుంగ ఇంకో కిటికీ జానెడు తెరిచి ఉంచాలె, లేకపోతే గది ఉక్కపోతై కూలర్ పనిచెయ్యదు. గాలి నేరుగ డబ్బకు తగలొద్దు. ఏసీయే ఉంటే 27, 28కి పెట్టి, జాలి మూత మూడింట రెండొంతులు ప్లాస్టిక్ షీటుతో కప్పుండ్రి.

తేమ కోసం సీసాతో చిలకరించుడు వట్టి తమాషా. అరగంటల ఆరిపోతది, పై పొర మాత్రం తడిసి పాము పొట్ట పొలుసులు పుండ్లు పడతయి. కోకోపీట్ నాలుగు మూలలల్ల నీళ్లు పోస్తే అడుగు పొర తడుస్తది, పై పొర పొడిగ ఉంటది, తేమ మెల్లమెల్లగ లేస్తది. నీళ్లను పొగమంచు లెక్క చేసే అల్ట్రాసోనిక్ ఫాగర్ కొనేటోళ్లకు ఒక మాట. మన బోరు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, దాంతోని డబ్బంతా తెల్ల దుమ్ము పడతది, ఫాగర్ పళ్లెం మీద గార కడతది. ఆర్ఓ నీళ్లు పోయండ్రి, లేకపోతే ఫాగరే వద్దు.

కరెంటు పోతే? 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ మీద మామూలు కూలర్ నాలుగైదు గంటలు నడుస్తది. అది కూడా అయిపోతదని ఫ్రీజర్‌ల రెండు లీటరు సీసాలల్ల నీళ్లు గడ్డకట్టించి పెట్టుకోవాలె. సీసాను తువ్వాలల చుట్టి, డబ్బకు బయటి దిక్కు, ఒక్క పక్కనే ఆనించాలె. లోపల పెడితే నీళ్లు కారి కింద బురదైతది. పామును ఐసు నీళ్లల్ల ముంచుడు మాత్రం వద్దు.

వానలు పట్టినంక కూలర్ బంద్ చెయ్యండ్రి. గాలిలనే తేమ ఉన్నప్పుడు అది చల్లబర్చదు, కోకోపీట్‌కు బూజు పట్టిస్తది. చలికాలం రాత్రి 15 డిగ్రీలకు దిగుతది, అప్పుడు మ్యాట్ బయటికి తీయాలె: డబ్బ కింద మూడో వంతుకే, థర్మోస్టాట్ మొన మ్యాట్ పైన, వేడి దిక్కు నేల మీద. ఆ వైరును లోపల టేపుతో అంటించొద్దు, టేపు పాముకు అంటుకుంటే పొలుసులు ఊడి వస్తయి.

తిండి గురించి పెద్దగ చెప్పేది లేదు. పిల్లకు వారానికో ఎలుక, పెద్దదానికి రెండు మూడు వారాలకోటి, ఎలుక లావు పాము నడుము లావుకు మించొద్దు. చంపి గడ్డకట్టించింది రాత్రి ఫ్రిజ్ కింది అరల పెట్టి, తెల్లారి కవర్‌ల కట్టి 40 డిగ్రీల నీళ్లల్ల ఉంచి, పొడుగు పట్టకారుతోని ఇయ్యాలె. బతికిన ఎలుక పామునే కొరుకుతది. తిన్నంక రెండు దినాలు ముట్టొద్దు. ఎండకాలంల కరెంటు పోయి ఫ్రీజర్‌లనే కరిగిపోయిన ఎలుకలను మళ్ల గడ్డకట్టించకుండ పారేయండ్రి. ఆ ఫ్రీజర్ ఇంటోళ్లది కాకుంటే మంచిది, లేకపోతే మా ఇంట్ల లెక్క “ఈ ఫ్రిజ్‌ల పాలు నేను తాగ” అని అమ్మ ఒట్టు పెట్టుకుంటది.

వేడికి తినుడు మానేసుడు మామూలే. వంటింటి కాటా మీద వారం వారం తూకం చూసి రాసుకోండ్రి. బరువు పదో వంతు తగ్గినా, ముక్కుల కాడ బుడగలొచ్చినా, తల పైకెత్తి ఈలేసినట్టు ఊపిరి తీసినా ఆగొద్దు. నాకు నల్గొండల పాములు చూసే డాక్టర్ దొరకలే, హైదరాబాద్ పోవుడే. పొద్దుగాల ఎండ రాకముందే, గుడ్డ సంచిల ఏసి, ఆ సంచిని థర్మోకోల్ డబ్బల పెట్టి, మూతకు రెండు బొక్కలు పొడిచి తీసుకపోండ్రి. నమోదు కాయితం జిరాక్స్ ఆ డబ్బ మీదనే అంటించండ్రి. చెక్‌పోస్టు కాడ మళ్ల “కొండచిలువనా” అని మొదలైతది.