రిజెక్షన్ అన్న మాట

పరాయి దేశంలో కాలేయ మార్పిడి వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మందుల పేర్లు, మోతాదులు, జాగ్రత్తలు ఇక్కడి భాషలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. వాటిని తెలుగులో చెప్పాల్సి వచ్చిన రోజున మాత్రం మాటలు దొరక్క చాలా ఇబ్బంది పడ్డాను.

ఆ రోజు నా ముందున్న రోగి ఒక తెలుగాయన, నాకంటే పదేళ్లు పెద్ద. కట్టడాల పనికి వచ్చిన మనిషి. నేను అన్నా అని పిలిచేదాన్ని. మార్పిడి జరిగి నాలుగు నెలలు దాటాక జ్వరం, విరేచనాలు, నీరసంతో మళ్లీ వార్డులో చేరారు. రక్తపరీక్షలో తెల్లకణాలు తగ్గాయి, లివర్ ఎంజైములు పెరిగాయి, అంటే లివర్‌కి దెబ్బ తగులుతోందన్నమాట. డాక్టరమ్మ ఫోన్‌లో దుబాసీని పెట్టుకుని వివరించింది. అవతలి గొంతు "తిరస్కరణ" అంది. ఆయనకు అర్థం కాలేదు. డాక్టరమ్మే "రిజెక్షన్" అని మళ్లీ అనేసరికి ముఖం పాలిపోయింది. ఆమె వెళ్లిపోయాక నన్ను పిలిచి, "చెల్లెమ్మా, నా వీసా రిజెక్ట్ చేశారా? పంపించేస్తారా?" అని అడిగారు.

పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లకు ఆ మాట వినగానే గుర్తొచ్చేది అదే. ఒకప్పుడు నాకూ అంతే.

పక్కన కూర్చున్నాను. "వీసా సంగతి కాదన్నా. మీ ఒళ్లు కొత్త లివర్‌ని నాది కాదు అనుకుని దాని మీద పడుతోందేమోనని వాళ్ల అనుమానం. అలా పడకుండా ఆపేవే మీరు పొద్దున, రాత్రి వేసుకునే టాక్రోలిమస్ మాత్రలు" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు: "ఆ మందు ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తుందన్నారు కదమ్మా. జ్వరం వచ్చింది కదా అని రాత్రి మాత్ర మానేశాను. వారం అయింది." జ్వరం సంగతి కూడా దాచారు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం.

నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆయన ఆలోచన పూర్తిగా తప్పు కాదు. ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు డాక్టర్లూ ఆ మందులు తగ్గిస్తారు. కాకపోతే ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అన్నది రక్తంలో దాని స్థాయి చూసుకుని నిర్ణయిస్తారు.

వైరస్ పరీక్షలో సైటోమెగలోవైరస్ బయటపడింది. మా వార్డులో అందరూ సీఎంవీ అంటారు. చాలామంది ఒంట్లో ఇది ఎప్పుడో చేరి, ఏ బాధా పెట్టకుండా పడి ఉంటుంది. దాతకు ఉండి, లివర్ పుచ్చుకున్నవారికి అంతకుముందు ఎప్పుడూ సోకకపోతే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ. ఈయన పరిస్థితి అదే. అందుకే ఆపరేషన్ తర్వాత మూడు నెలలు ఆ వైరస్‌ని అణచిపెట్టే వాల్‌గాన్సిక్లోవిర్ మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలు ఆపిన కొన్ని వారాలకు వైరస్ లేచింది. ఇలా జరగడం కొత్తేమీ కాదు.

అన్నిటికన్నా కష్టంగా చెప్పగలిగింది దీని తర్వాతి సంగతి. వైరస్ లేస్తే ఒంట్లో రక్షణ వ్యవస్థ రెచ్చిపోతుంది, ఆ కాక కొత్త లివర్‌కి కూడా తగులుతుంది. రిజెక్షన్ వస్తే దాన్ని అణచడానికి పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు ఇవ్వాల్సి రావచ్చు, అప్పుడు వైరస్‌కి అడ్డు ఉండదు. ఒకటి రెండోదాన్ని లేపుతూ ఉంటుంది. పైగా రెండింటిలోనూ లివర్ పరీక్షల అంకెలు పెరుగుతాయి, వాటిని చూసి ఏది ఏదో తేల్చలేం. అందుకే సన్నటి సూదితో చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఆ బయాప్సీ గురించి చెప్పినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వుంటావా?" అన్నారు. డ్యూటీ అయిపోయినా ఉన్నాను.

స్వల్పంగా రిజెక్షన్ ఉందని తేలింది. పెద్ద మోతాదు స్టెరాయిడ్లు అవసరం పడలేదు. టాక్రోలిమస్ స్థాయిని మళ్లీ సరిచేశారు. వైరస్‌కి గాన్సిక్లోవిర్ సెలైన్‌తో ఎక్కించారు. ఆ మందు కూడా తెల్లకణాలను తగ్గిస్తుంది కాబట్టి మాటిమాటికీ రక్తం తీశాం. ఎంజైములు దిగాయి, జ్వరం పోయింది.

ఇంటికి వెళ్లేముందు తెలుగులో ఒక కాగితం రాసిచ్చాను. జ్వరం వస్తే అదే రోజు ఫోన్ చెయ్యాలి. మాత్ర మానకూడదు. వేరే ఏ మందు వేసుకోవాలన్నా, దగ్గు జలుబులకైనా సరే, ముందు మమ్మల్ని అడగాలి. కొన్ని యాంటీబయాటిక్స్ టాక్రోలిమస్‌ను రక్తంలో బాగా పెంచేస్తాయి, కొన్ని పడదోస్తాయి. ఆ కాగితం అసలు నాలుగు నెలల క్రితమే ఆయన చేతిలో ఉండాల్సింది. ఈ వార్డులో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అయుండీ అప్పుడు నాకెందుకు తోచలేదా అని ఇప్పటికీ బాధపడతాను.

మొన్న పొద్దున రక్తపరీక్షకి వచ్చారు. మందు స్థాయి సరిగ్గా తెలియాలంటే మాత్ర వేసుకోకముందే రక్తం తియ్యాలి. మాత్రను చిన్న డబ్బాలో పెట్టుకుని జేబులోనే ఉంచుకున్నారు. సూది తీసి దూది అదిమాక, నేను నీళ్లు అందిస్తే నా ఎదురుగానే మింగారు. వైరస్ పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. రాగానే ఫోన్ చేస్తానని చెప్పాను.