విజిల్ ఊదకుండా ఆగడం: హైస్కూలు నుంచి కాలేజీ ఫుట్‌బాల్‌కి

కాలేజీ ఫుట్‌బాల్‌కి (అమెరికన్ ఫుట్‌బాలే, కాలితో ఆడేది కాదు) అఫీషియల్‌గా (రిఫరీల బృందంలో ఒకడిగా) ఎక్కాలంటే దరఖాస్తు పెట్టి కూర్చుంటే పని జరగదు. వేసవి క్లినిక్‌కి (అఫీషియల్స్ శిక్షణ శిబిరం) సొంత ఖర్చుతో వెళ్లాలి. కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్) సూపర్‌వైజర్లు మనుషుల్ని ఏరుకునేది అక్కడే. నచ్చితే స్ప్రింగ్ స్క్రిమ్మేజ్‌కి (వసంతంలో జరిగే ప్రాక్టీస్ ఆట) పిలుస్తారు. డివిజన్ త్రీలోనో (కాలేజీ పోటీల్లో కింది స్థాయి) జూనియర్ కాలేజీల్లోనో మొదటి ఏడాది రెండు మూడు ఆటలొస్తే గొప్పే. గడియారం నడిపే పని ఇస్తామన్నా కాదనకండి. క్రూతో (ఆ ఆట అఫీషియల్స్ బృందం) పాటు ప్రీగేమ్ మీటింగ్‌లో కూర్చోవచ్చు, సగం చదువు అందులోనే అవుతుంది.

రూల్ బుక్ మారుతుంది: హైస్కూలు ఆటల సంస్థ ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌ది పోయి కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏది వస్తుంది. టెక్సాస్ వాళ్లకి ఈ బాధ తక్కువ, అక్కడ హైస్కూలు ఆటలూ ఎన్‌సీఏఏ రూల్స్ మీదే నడుస్తాయి. కంఠతా పట్టేవి తేలికే. క్వార్టర్ 12 నిమిషాలు కాదు, 15. కిక్‌ఆఫ్ 40 గజాల గీత నుంచి కాదు, 35 నుంచి. పాస్ ఆటలో లైన్‌మన్ (ముందు వరసలో నిలబడి అడ్డుకునేవాడు) ముందుకి పోగలిగే దూరం 2 గజాలు కాదు, 3. డిఫెన్స్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌కి (పాస్ అందుకోబోయేవాణ్ని తప్పుగా అడ్డుకోవడం) హైస్కూల్లో 15 గజాలే. కాలేజీలో తప్పు అంతకన్నా దగ్గర్లో జరిగితే బంతి అక్కడికే, పైగా ఫస్ట్ డౌన్ (మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు) కూడా. ఇవన్నీ ఒక నెలలో వచ్చేస్తాయి.

అంత తేలిగ్గా మాట వినంది విజిల్ ఊదే చెయ్యి. హైస్కూల్లో సెంటర్ (బంతిని వెనక్కి అందించేవాడు) బంతి మీద చెయ్యి వేశాక డిఫెండర్ న్యూట్రల్ జోన్‌లోకి (రెండు జట్ల మధ్య బంతి పొడవంత జాగా) వచ్చాడంటే ఎన్‌క్రోచ్‌మెంట్, ఆట డెడ్, అప్పటికప్పుడు విజిల్. కాలేజీలో స్నాప్ (సెంటర్ బంతిని అందించడం) లోపు వెనక్కి జరిగిపోతే అసలు తప్పే లేదు. స్నాప్‌కి ఇంకా అక్కడే ఉంటే ఫ్లాగ్ (తప్పు జరిగిందని చూపే గుడ్డ) విసిరి ఆట సాగనివ్వాలి, ఆఫెన్స్‌కి (బంతి ఉన్న జట్టు) అది ఊరికే దొరికిన ఛాన్సు. వెంటనే ఊదాల్సింది మూడు చోట్ల: అవతలివాణ్ని తాకితే, ఎదురుగా ఉన్న లైన్‌మన్‌ని ఉలిక్కిపడి కదిలేలా చేస్తే, అడ్డు లేకుండా క్వార్టర్‌బ్యాక్ (పాస్ విసిరేవాడు) మీదకి దూసుకెళ్తే. ఏళ్ల తరబడి లైన్ జడ్జ్‌గా (లైన్ చివర నిలబడే అఫీషియల్) నిలబడ్డ నేను మొదటి స్క్రిమ్మేజ్‌లో రెండుసార్లు ఊదేశాను. రెండోసారి ఆ ఆటలో రిసీవర్ (పాస్ అందుకునేవాడు) ఒంటరిగా పరిగెడుతున్నాడు. మందు చాలా చిన్నది: మెడలో తాడు విజిల్ తీసేసి వేళ్లకి తొడుక్కునే విజిల్ పెట్టుకున్నాను. చెయ్యి నోటి దాకా రావడానికి పట్టే ఆ అరక్షణంలో బుర్ర పని చేస్తుంది.

తర్వాతిది కళ్లు. ఐదుగురి క్రూలో బ్యాక్ జడ్జ్ ఒక్కడే వెనకంతా చూసుకుంటాడు. ఏడుగురిలో ఫీల్డ్ జడ్జ్, సైడ్ జడ్జ్ కూడా లోతులో, లైన్‌కి ఇరవై గజాల పైన నిలబడతారు. ఒక్కొక్కరికీ స్నాప్‌కి ముందే ఒక రిసీవర్ లెక్క. రిసీవర్లు ఒకే వైపు ముగ్గురు చేరితే ఎవరి మనిషి ఎవరో మారిపోతుంది, అది స్నాప్ లోపు తేల్చుకోవాలి. బంతి గాల్లోకి లేచేదాకా దాన్ని చూడకూడదు. చూస్తే వీడియోలో మీ టోపీ తిరిగిన దిక్కు పట్టిస్తుంది, సూపర్‌వైజర్లు ముందు చూసేదే ఆ టోపీ.

హోల్డింగ్‌లోనూ (అవతలివాణ్ని చేత్తో పట్టి ఆపడం) పాత అలవాటు దెబ్బ తీస్తుంది. బంతి పోయే దారికి దూరంగా, ఎవరినీ ఆపని పట్టుకి ఫ్లాగ్ వేస్తే సూపర్‌వైజర్లు ఇచ్చే గ్రేడ్ తగ్గుతుంది.

ఆట అయ్యాక ప్రతి ఫ్లాగ్‌కీ రిపోర్టు రాయాలి. 'పాస్ ఇంటర్‌ఫియరెన్స్' అంటే సరిపోదు. చెయ్యి అడ్డం పెట్టాడా, పట్టుకుని తిప్పేశాడా, వీపు మీదుగా ఆడాడా, దారి కోసేశాడా, ఏ రకమో చెప్పాలి. వేయని ఫ్లాగ్‌కీ లెక్క ఉంటుంది: వీడియోలో తప్పు కనిపిస్తే మన పేరు పక్కన 'నో కాల్' పడుతుంది.