గోడ మీద సగం వచనం

"నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము." తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గుమ్మం పైన తరచుగా కనిపించే వాక్యం ఇది. కొత్త ఇంటి ప్రార్థనకు వచ్చేవాళ్లు కానుకగా తెచ్చే ఫ్రేముల్లోనూ ఇదే ఉంటుంది. అయితే యెహోషువ 24:15లో ఇది చివరి ముక్క మాత్రమే. ముందున్న పొడవాటి భాగం ఫ్రేములో పట్టదు. మోషే తర్వాత ఇశ్రాయేలీయులను నడిపించిన యెహోషువ అక్కడ వాళ్లతో అంటున్నది ఇది: యెహోవాను సేవించడం మీకు మంచిది కాదని తోస్తే, యూఫ్రటీసు నది అవతల మీ పితరులు కొలిచిన దేవతలనా, మీరు కాపురమున్న ఈ అమోరీయుల దేశపు దేవతలనా, ఎవరిని సేవిస్తారో "నేడు మీరు కోరుకొనుడి".

అప్పటికి ఆయన ముసలివాడు. 110 ఏళ్ల వయసులో చనిపోయాడని అదే అధ్యాయం చివర ఉంది. దేశం చేతికొచ్చింది, గోత్రాలన్నీ ఆయన మాట వింటాయి. ఆజ్ఞాపించినా కాదనేవారు లేరు. అయినా ఆయన అడిగాడు, వద్దనడానికి కూడా వీలుంచి మరీ అడిగాడు.

జనం వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు ఆయన అన్న మాట మన కూటాల్లో ఎక్కడా వినిపించదు: మీరు యెహోవాను సేవించలేరు (19వ వచనం). చేతులెత్తిన వాళ్లను లెక్కపెట్టి సంతోషించే అలవాటు మనది. ఆయన వాళ్లను ఆపి, ఆలోచించుకోమన్నాడు. వాళ్లు రెండోసారి ఒప్పుకున్నాక, మీ మాటకు మీరే సాక్షులన్నాడు. మీ మధ్యనున్న అన్యదేవతలను తొలగించండన్నాడు. మూడోసారి ఒప్పుకున్న తర్వాతే నిబంధన చేశాడు, ఆ మాటలు గ్రంథంలో రాశాడు, పెద్ద రాయి తెచ్చి చెట్టు కింద నిలబెట్టాడు. తొందరలో అన్న "సరే" నిలవదని ఆయనకు తెలుసు.

14 నుంచి 24వ వచనం దాకా "సేవించు" అన్న మాట పదిసార్లకు పైగా వస్తుంది. హెబ్రీలో ఆ మాటకూ, 17వ వచనంలో ఐగుప్తును "దాసుల గృహము" అనడానికి వాడిన మాటకూ ధాతువు ఒకటే. అంటే యజమాని లేని బతుకు ఒకటుందని యెహోషువ చెప్పడం లేదు. ఎవరికో ఒకరికి లోబడే ఉంటాం, ఎవరికన్నదే ప్రశ్న. పౌలు గలతీయులకు రాసిందీ ఇదే. క్రీస్తు మిమ్మల్ని స్వతంత్రులను చేశాడు, మళ్లీ దాస్యపు కాడి కింద చిక్కుకోవద్దంటాడు (5:1). పదమూడో వచనానికి వచ్చేసరికి, ఆ స్వాతంత్ర్యంతో ప్రేమ కలిగి ఒకరికొకరు దాసులై ఉండమంటాడు. ఇక్కడ కొందరు తికమకపడతారు గానీ, మెడ మీద మోపిన కాడి వేరు, ప్రేమతో ఎత్తుకున్న బరువు వేరు.

ఆ దేవతల జాబితాను మన ఇంటికి అన్వయించుకోవాలి. నది అవతలివి తాతల నుంచి వచ్చినవి. మన సంఘాల్లో అలా వచ్చినవాటిలో మొదటిది కులం. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి పాత లెక్కలే తీస్తాం. ఐగుప్తువి (14వ వచనం) మనల్ని అణచిన చోటు నుంచి వెంట తెచ్చుకున్న భయాలు. అమోరీయులవి చుట్టుపక్కల చూసి పట్టుకున్నవి: నలుగురేమనుకుంటారో అన్న బెంగ, అప్పు చేసి పెట్టే విందు, రాత్రి పదకొండైనా చేతిలోంచి దిగని ఫోను.

వీటిని వదిలితే ఏం మిగులుతుంది? జవాబు ఆ ఊళ్లోనే ఉంది. ఇదంతా జరిగింది షెకెములో. యాకోబు తన ఇంటివారి అన్యదేవతలనూ చెవిపోగులనూ పాతిపెట్టింది షెకెము దగ్గరి చెట్టు కిందే (ఆదికాండము 35:4). అక్కడికి దగ్గర్లోనే యాకోబు బావి. మధ్యాహ్నం పన్నెండింటికి నీళ్లకొచ్చిన సమరయ స్త్రీని యేసు దాహమడిగాడు. ఈ నీళ్లు తాగే ప్రతివాడికీ మళ్లీ దప్పిక వేస్తుందన్నాడు. తానిచ్చే నీళ్లను మాత్రం ఆమె మీద రుద్దలేదు, నువ్వడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి అన్నాడు. అడగడం ఆమె వంతుగా ఉంచాడు. కాసేపటికి ఆమె కుండ అక్కడే విడిచిపెట్టి ఊళ్లోకి వెళ్లింది (యోహాను 4:28). దేనికోసం వచ్చిందో ఆ కుండనే మరిచిపోయేంత తృప్తి అది.

ఇక "నా యింటివారును" అన్న మాట. దీన్ని పట్టుకుని ఇంటిపెద్ద పిల్లల తరఫున సంతకం పెట్టేస్తే అది యెహోషువ పద్ధతి కాదు. యెహోషువ కాలంలోనూ, ఆయన తర్వాత బతికిన పెద్దల కాలంలోనూ ఇశ్రాయేలు యెహోవాను సేవించింది. ఆ తర్వాతి తరం యెహోవాను ఎరగలేదని న్యాయాధిపతులు 2:10 చెబుతుంది. పెద్దలు మూడుసార్లు ఒప్పుకున్న మాట పిల్లలకు ఆస్తిలా సంక్రమించలేదు. పెళ్లి ముహూర్తానికి వారం ముందు హడావిడిగా ఇప్పించే బాప్తిస్మం తర్వాత నిలవకపోవడానికీ కారణం ఇదే. అక్కడ అడిగింది పెళ్లికి ఒప్పుకోలు, విశ్వాసం గురించి ఎవరూ అడగలేదు.

గడువివ్వడం ఎలాగో 1755లో లండన్‌లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ చేసింది చూస్తే తెలుస్తుంది. దేవుణ్ణి పూర్ణహృదయంతో సేవిస్తామని అందరూ కలిసి మాటిచ్చే నిబంధన ఆరాధన గురించి ఆగస్టు 6 బుధవారం చెప్పాడు. తర్వాతి ఉదయాల్లో దాన్ని వివరించాడు. శుక్రవారం చాలామంది ఉపవాసమున్నారు. 11వ తేదీ సోమవారం సాయంత్రం, ఒప్పుకున్న వాళ్లు లేచి నిలబడ్డారు, సుమారు 1800 మంది. మధ్యలో ఐదు రోజులు ఆలోచనకు.

ఇంట్లో కూడా ఇలాగే చేయొచ్చు. డిసెంబరు 31 రాత్రి వద్దు. ఆరాధన ముగిసేసరికి పిల్లలు నిద్రలో తూలుతుంటారు, పెద్దల మనసు కొత్త ఏడాదికి వచ్చే వాగ్దాన వచనపు కార్డు మీద ఉంటుంది. మామూలు వారంలో ఒక బుధవారం కుటుంబ ప్రార్థనలో యెహోషువ 24వ అధ్యాయం 14 నుంచి 28 దాకా చదవండి, పదిహేనొక్కటే కాదు. యెహోషువ మాటలు ఒకరు, జనం మాటలు మిగతావాళ్లు కలిసి చదివితే ఐదారు నిమిషాలు పడుతుంది. ఆ రాత్రి ఎవరినీ జవాబు అడగొద్దు. సోమవారం దాకా ఒక్కొక్కరు తమ జీవితం నుంచి తొలగించాల్సింది ఒక్కటి, ఒక్కటే, చూసుకోవాలి. ఐదారు రాసుకుంటే ఏదీ జరగదు. "కోపం" అని రాయడం కంటే "రాత్రి భోజనం దగ్గర అరవను" అని రాయడం మేలు, తప్పితే తెలుస్తుంది. సోమవారం పెద్దలు ముందు తమది చదవాలి, తండ్రి అందరికన్నా ముందు. పదిహేనేళ్ల కొడుకు "నేనింకా ఆలోచించుకోవాలి" అంటే దాన్ని ధిక్కారం అనుకోకండి. ఆ రాత్రి అబద్ధమాడని జవాబు బహుశా అదే. అతని కోసం ప్రార్థించండి, అతని ఎదుట అతని గురించి సాక్ష్యం చెప్పకండి. చెప్పినవాళ్ల కాగితాలు తేదీ వేసి ఆ ఫ్రేము వెనకాల పెట్టండి. అతని కాగితానికి చోటు ఉంచండి.