దోనెలో అడిగిన ప్రశ్న, పేతురు రాసిన జవాబు

"ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి." పేతురు మొదటి పత్రిక అయిదవ అధ్యాయంలోని ఈ ఏడవ వచనం తెలియని తెలుగు క్రైస్తవ కుటుంబం ఉండదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డుగా చేతికి వచ్చేది ఇదే, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి పాస్టరుగారు చదివేదీ ఇదే. అయితే దీన్ని రాసినవాడు ఎవరో, రాయడానికి ముందు అతడు ఏమేమి చూశాడో గుర్తు చేసుకోకుండా చదివితే, అసలే దిగులుతో ఉన్న మనిషికి ఇది ఓదార్పుగా కాక మందలింపుగా వినిపిస్తుంది. "విశ్వాసివై ఉండి ఇంకా బెంగ పెట్టుకుంటావా?" అని తోటివారు అన్న మాటకు లోలోపల నొచ్చుకున్నవారు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. వారిని దృష్టిలో పెట్టుకొనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పేతురు పుట్టుకతో నిబ్బరం కలవాడు కాడు. గలిలయ సముద్రంలో వలలు వేసుకుని బతికిన జాలరి. మార్కు సువార్త నాలుగవ అధ్యాయంలో పెద్ద తుపాను రేగి, అలలు దోనెలోకి కొట్టి, దోనె నీటితో నిండిపోతున్న వేళ భయంతో కేకలు వేసినవారిలో పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను ఆ నీటి మీదే పెరిగి పెద్దవారైనవారు. కనుక వారిది అలవాటు లేనివారి బెదురు కాదు. ఏ గాలికి దోనె నిలుస్తుందో, ఏ గాలికి నిలవదో తెలిసినవారు, ఇది నిలవదని గ్రహించి పడిన భయం అది.

విశాఖపట్నంలో ఉండేవారికి ఆ భయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందన్న వార్త వినగానే పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని ఆరా తీయడం, వేటకు వెళ్లిన బోట్లన్నీ ఫిషింగ్ హార్బరుకు చేరాయో లేదోనని జాలరిపేట ఇళ్లలో ఆడవారు గుమ్మాల దగ్గరే నిలబడిపోవడం ఈ ఊరికి కొత్త కాదు. 2014లో హుద్‌హుద్ తుపాను ఇక్కడ తీరం దాటిన అక్టోబరు 12వ తేదీ ఆదివారం. గంటకు 170 కిలోమీటర్లకు పైబడిన ఆ గాలిలో గుడికి వెళ్లే దారి లేక, ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చేరి ప్రార్థించిన కుటుంబాలకు మార్కు నాలుగవ అధ్యాయం అంతకు ముందు చదివినట్లుగా తరువాత చదవడం సాధ్యపడి ఉండదు. సముద్రాన్ని నమ్ముకున్న ఈ నగరంలో కథోలిక అగ్రపీఠపు కథీడ్రల్‌కు పునీత పేతురు పేరు ఉండడం నాకు ఎంతో సముచితంగా తోస్తుంది.

ఆ రాత్రి యేసు దోనె అమరమున తలగడ మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. శిష్యులు ఆయనను లేపి అడిగిన మాట ఇది: "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" ఇదే సంగతి మత్తయి, లూకా కూడా రాశారు గాని, ఇంత కటువైన ప్రశ్న మార్కులో మాత్రమే ఉంది. మార్కు తన సువార్తను పేతురు ప్రసంగాల ఆధారంగా రాశాడన్నది ఆదిమ సంఘం నుంచి వస్తున్న సంప్రదాయం. అదే నిజమైతే, తాము ప్రభువును ఎంత నిష్ఠురంగా ప్రశ్నించారో పేతురే దాచకుండా పదిమందికీ చెప్పుకున్నాడని అనుకోవాలి. చింత అసలు స్వరూపం ఆ ప్రశ్నలోనే ఉంది. పిల్లవాడి పరీక్ష ఫలితం గురించి, తల్లి వైద్య పరీక్షల రిపోర్టు గురించి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధపు 61 రోజులు ఇల్లు గడవడం గురించి నిద్ర పట్టక దొర్లేవారిని లోపల నిజంగా కలచివేసేది "ఏమవుతుందో" అన్న ప్రశ్న ఒక్కటే కాదు. "దేవా, నీకు పట్టదా?" అన్నది దానికంటే లోతైనది. దాన్ని పైకి అనడానికి భయపడి, భక్తి మాటలతో కప్పుకుంటాం.

ఇక్కడ మార్కు చెప్పిన వరుసను గమనించాలి. యేసు ముందుగా గాలిని గద్దించి, సముద్రాన్ని ఊరకుండుమన్నాడు, అంతా నిమ్మళించిన తరువాతే "మీరెందుకు భయపడుచున్నారు?" అని వారిని అడిగాడు. తనను నిష్ఠురమాడినవారిని ఆయన ముందు కాపాడాడు, బోధ తరువాత చేశాడు. బాధలో ఉన్నవారి దగ్గరకు వెళ్లే మనం ఈ వరుసను తరచు తారుమారు చేస్తున్నామని నాకనిపిస్తుంది.

ఈ సువార్త తెలుగులో మొదట అచ్చయి వచ్చిన విధం కూడా ఈ ఊరి సంగతే. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజ్ మరణించారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు సహాయంతో డెగ్రాంజ్ తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. తన పని పుస్తకమై రావడం చూడకుండానే ఆయన వెళ్లిపోయాడు. ఫలితం మన చేతిలో లేనప్పుడు కూడా పని చేయగలగడం విశ్వాసానికి ఒక కొలత అనుకుంటే, దోనె కథ మన భాషలో అచ్చయి వచ్చినదే అటువంటి విశ్వాసం వల్ల.

ఇక అపొస్తలుల కార్యములు పన్నెండవ అధ్యాయానికి వద్దాం. హేరోదు అప్పటికే యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. తరువాత పేతురును పట్టుకుని చెరసాలలో వేయించి, నలుగురేసి సైనికులున్న నాలుగు జట్లను కాపలా పెట్టాడు. తెల్లవారితే విచారణకు బయటికి తెస్తారు. ఆ రాత్రి పేతురు రెండు సంకెళ్లతో, ఇద్దరు సైనికుల మధ్య నిద్రపోతున్నాడు. దేవదూత ప్రక్కను తట్టి లేపవలసినంత గాఢ నిద్ర అది. తుపానులో మరొకరు నిద్రపోతుంటే ఓర్వలేకపోయిన మనిషి ఇప్పుడు మరణం ముంగిట తానే నిద్రపోతున్నాడు.

ఆ నిద్ర తనను విడిపిస్తారన్న నిశ్చయంతో వచ్చిందని చెప్పడానికి వీల్లేదు. దోనెలో తనతో ఉన్న యాకోబు విడుదల కాలేదు, చనిపోయాడు. అతని కోసం సంఘం ప్రార్థించి ఉండదా? తప్పక ప్రార్థించే ఉంటుంది. యాకోబు ఎందుకు వెళ్లిపోయాడో, పేతురు ఎందుకు మిగిలాడో ఈ గ్రంథం రాసిన లూకా ఒక్క మాటైనా వివరించలేదు. మనమూ వివరించబోకూడదు. ప్రార్థించినా బిడ్డను, భర్తను పోగొట్టుకున్న ఇళ్లు మన మధ్య ఉన్నాయి. వారి విశ్వాసం తక్కువైందని ఎవరైనా అంటే అది యాకోబును నిందించినంత పని. పేతురు నేర్చుకున్నది అనుకున్నట్లే జరుగుతుందన్న ధీమా కాదు. ఏది జరిగినా తనను పట్టించుకునేవాడు ఒకడున్నాడన్న నమ్మకం. అందుకే "నీకు చింతలేదా" అని దోనెలో అడిగినవారిలో ఒకడు, ఏళ్లు గడిచాక, పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల్లో చెదిరి శ్రమలు పడుతున్న విశ్వాసులకు "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు" అని రాయగలిగాడు.

ఆ వాక్యాన్ని దాని ముందున్న వాక్యంతో కలిపి చదవాలి. దేవుని బలిష్ఠమైన చేతి క్రింద దీనమనస్కులై ఉండండని చెప్పి, వెంటనే చింత యావత్తు ఆయన మీద వేయమంటాడు పేతురు. చింతను అప్పగించడం దీనత్వంలో భాగమన్నమాట. అంతా నా మీదే ఆధారపడి ఉంది, నేను ఆలోచించడం మానితే ఇల్లు కూలిపోతుంది అన్న భావన చింతలో ఎప్పుడూ దాగి ఉంటుంది. నెత్తిన నిండు చేపల గంపతో వీధిలోకి వచ్చిన స్త్రీ దాన్ని ఒంటరిగా దించుకోలేక, "ఓ చెయ్యి వెయ్యమ్మా" అని గుమ్మంలో ఉన్నవారిని అడుగుతుంది. అలా అడగడంలో ఆమెకు చిన్నతనమేమీ లేదు. "నీ భారము యెహోవామీద మోపుము ఆయనే నిన్ను ఆదుకొనును" అన్న 55వ కీర్తన మనల్ని అడగమనేదీ అటువంటి సహాయమే.

అయితే మరుసటి వచనంలోనే పేతురు నిబ్బరమైన బుద్ధిగలవారై మెలకువగా ఉండమంటాడు. హెచ్చరిక వచ్చినప్పుడు బోటును ఒడ్డున కట్టివేయడం అవిశ్వాసం కాదు. నెలల తరబడి నిద్ర, ఆకలి లేక, గుండె దడతో పనిచేయలేని స్థితికి వచ్చినవారు మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లడం కూడా అవిశ్వాసం కాదు. మానసిక వైద్యశాల అక్కడుందని పెదవాల్తేరు, చినవాల్తేరు పేర్లు చెప్పి ఎగతాళి చేసే పాత అలవాటును కనీసం సంఘంలోనైనా మానుకోవాలి. పౌలుతో నడిచిన లూకా వైద్యుడే గదా.

మిగిలినది ప్రార్థన. ఫిలిప్పీ పత్రికలో పౌలు మన విన్నపాలను కృతజ్ఞతాపూర్వకంగా దేవునికి తెలియజేయమన్నాడు గనుక, "నా కష్టాలన్నీ తీర్చు ప్రభువా" అని ఒక్క మాటలో ముగించకుండా, అప్పు మొత్తమెంతో, ఎవరికి ఏమి జబ్బో, రేపు ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో పేరుపేరునా చెప్పడం మేలు. "నీకు పట్టదా" అన్న ప్రశ్న లోపల ఉంటే దాన్నీ చెప్పవచ్చు. మంచి మాటలు దొరికేదాకా ఆగనక్కరలేదు. ఒంటరిగా నోరు రాకపోతే గృహ కూడికలో ప్రార్థన అవసరతగా చెప్పుకోవచ్చు. విన్నవారు సలహాలు తగ్గించి, ఆ సంగతిని ఆ గదిలోనే ఉంచాలి.

పేతురు విడుదలైన రాత్రి మార్కు తల్లియైన మరియ ఇంట్లో అనేకులు కూడి ప్రార్థిస్తున్నారు. అతడు తలుపు తట్టగా, రొదే అనే చిన్నది స్వరం గుర్తుపట్టి, పేతురు వచ్చాడని లోపలికి పరుగెత్తి చెబితే, నీవు పిచ్చిదానవన్నారు. అతని కోసం ప్రార్థిస్తున్నవారే అతడు వచ్చాడంటే నమ్మలేకపోయారు. దేవుడు వారి నమ్మకం నిండే వరకు ఆగలేదు, వారు మాట్లాడుకుంటుండగానే పేతురు ఇంకా తలుపు తడుతూనే ఉన్నాడు.