మొక్కల అక్వేరియానికి తక్కువ ఖర్చులో ఫిల్టరు

నా మొక్కల అక్వేరియం పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు. ఈ మూడింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే 54 లీటర్లు వస్తుంది గాని, అడుగున పరిచిన మట్టిని, ఇసుకను, లోపల పెట్టిన రాళ్లను, కర్రను, పైన వదిలిన రెండు వేళ్ల ఖాళీని తీసివేస్తే నిజంగా ఉన్న నీరు 40 లీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. ఈ కాస్త నీటి కోసం నేను ఇంతవరకు మూడు ఫిల్టర్లు కొన్నాను. మొదటిది అవసరానికి మించిన బలంతో నీటిని తోసి, పాపం బెట్టా చేపను రోజంతా ఒక మూలకు నెట్టి ఉంచింది. రెండవది నెలనెలా లోపలి సంచులను మార్చమంటూ, కొన్న ధర కంటే ఎక్కువ ఖర్చును ఆ తరువాత పెట్టించింది. మూడవది అన్నిటికంటే చవకైనది, ఇప్పటికీ నడుస్తున్నది అదే. మొదటి రెండు సార్లూ నేను చేపల తొట్టికి తగిన ఫిల్టరును వెతికాను. నా దగ్గర ఉన్నది మొక్కల తొట్టి అన్న సంగతిని లెక్కలోకి తీసుకోలేదు.

చేపల విసర్జనలోను, మిగిలిపోయిన మేతలోను, కుళ్లిన ఆకులోను పుట్టే అమ్మోనియాను నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు నైట్రైట్‌గాను, ఆ నైట్రైట్‌ను నైట్రోస్పైరా వంటివి నైట్రేట్‌గాను మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ చేపలకు విషాలు; నైట్రేట్ బాగా పేరుకుంటే తప్ప అంతగా హాని చేయదు. ఈ సూక్ష్మజీవులు ఎక్కువగా ఏదో ఒక ఉపరితలాన్ని అంటిపెట్టుకొని బతుకుతాయి కాబట్టి, మొక్కలు లేని తొట్టిలో ఫిల్టరులోని స్పాంజి, సిరామిక్ రింగులే వాటికి ముఖ్యమైన నివాసం. మొక్కల తొట్టిలో ఇసుక రేణువులు, కర్ర, రాళ్లు, ఆకులు, వేళ్లు అన్నీ ఆ నివాసంలో భాగమే. పైగా మొక్కలు అమ్మోనియాను నైట్రేట్‌గా మారేవరకు ఆగకుండా, అమ్మోనియం రూపంలో నేరుగా తీసుకుంటాయి. చాలా నీటి మొక్కలు నైట్రేట్ కంటే ముందు దానినే ఎంచుకుంటాయి. మొక్కలు ఒత్తుగా పెరుగుతూ, చేపలు మితంగా ఉన్న తొట్టిలో ఫిల్టరు నెత్తిన ఉన్న శుద్ధి భారం ఈ విధంగా చాలావరకు దిగిపోతుంది.

దిగిపోనిది నీటిని కదిలించే పని. కార్బన్ డయాక్సైడ్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. నీరు నిలిచిపోతే ఆకును ఆనుకొని ఉన్న పలుచని పొరలో ఆ వాయువు అయిపోతుంది, పక్కనే ఉన్న నీటిలో అది ఉన్నా ఆకుకు అందదు. ఎరువు విషయమూ అంతే. కాబట్టి మొక్కల తొట్టికి ఫిల్టరు కొనేటప్పుడు మన డబ్బు కొనవలసినవి రెండే: ఆకులు మెల్లగా ఊగేటంత ప్రవాహం, ఒక మంచి స్పాంజి. మిగిలినవన్నీ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు.

ఈ దృష్టితో చూస్తే నా మూడవ ఫిల్టరు, అంటే స్పాంజి ఫిల్టరు, అంత చవకగా దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎయిర్ పంపు నుంచి సన్నని గొట్టం ద్వారా వచ్చే గాలి బుడగలు నిలువు గొట్టంలోని నీటిని తేలిక చేస్తాయి, ఆ నీరు పైకి లేస్తుంది, దాని స్థానంలోకి కొత్త నీరు స్పాంజి గుండా వస్తుంది. నీటిలో మోటారు లేదు, తిరిగే భాగం లేదు. రొయ్య పిల్లలు గాని, అప్పుడే పుట్టిన గప్పీ చేప పిల్లలు గాని లోపలికి లాక్కుపోబడే భయం లేదు. దానికి లోపాలూ ఉన్నాయి. తొట్టిలో చోటు తినేస్తుంది, చూడడానికి అందంగా ఉండదు, పంపు గుయ్యిమంటుంది, నీటిలో తేలే సన్నని మడ్డిని పూర్తిగా పట్టుకోలేదు. నేను దానిని వెనుక మూలలో పెట్టి, ముందు వాలిస్నేరియా అనే నీటి మొక్క గుబురును పెంచాను. పంపు నీటిమట్టం కంటే దిగువన ఉంటే గాలి గొట్టానికి తప్పక చెక్ వాల్వ్ (ఒకే వైపు పోనిచ్చే చిన్న కవాటం) బిగించాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు వెనక్కి పారి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి వస్తుంది.

బుడగలు కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేస్తాయి గనుక మొక్కల తొట్టిలో స్పాంజి ఫిల్టరు పనికిరాదనే మాట తరచుగా వినిపిస్తుంది. సిలిండరుతో ఆ వాయువును ఎక్కించేవారి విషయంలో అది నిజం. వారు లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు నింపుతారు, ఉపరితలం ఎంత కదిలితే అంత వాయువు గాలిలోకి పోతుంది. సిలిండరు లేని తొట్టిలో పగటి పూట మొక్కలు ఆ వాయువును గాలితో సమతుల్యంగా ఉండవలసిన మట్టం కంటే కిందికి లాగేయగలవు. అప్పుడు ఉపరితలం కదలడం వల్ల వాయువు బయటికి పోవడానికి బదులు లోపలికి వస్తుంది. జావా ఫెర్న్, అనూబియాస్, క్రిప్టోకోరైన్ వంటి నిదానంగా పెరిగే మొక్కలతో, మధ్యరకం వెలుతురుతో సరిపెట్టుకునే మనలాంటి వారికి ఆ అభ్యంతరం వర్తించదు.

సిలిండరు ఉన్నవారు, లేదా బుడగల శబ్దం భరించలేనివారు వెనుక అంచుకు తగిలించే ఫిల్టరునో, లోపల ముంచే, మోటారుతో నడిచే పవర్ ఫిల్టరునో చూడవచ్చు. తగిలించే రకంలో నీరు జలపాతంలా పడుతుంది గనుక నీటిమట్టాన్ని దాని పెదవి దాకా ఉంచితే వాయువు నష్టం తగ్గుతుంది. ఏది కొన్నా పెట్టె మీద రాసిన గంటకు ఇన్ని లీటర్లన్న అంకెను నమ్మి లెక్క కట్టకూడదు. ఆ అంకె సాధారణంగా లోపల స్పాంజి లేకుండా, నీటిని ఎత్తుకు తోసే పని లేకుండా కొలిచినది. స్పాంజి పెట్టాక, అది కాస్త మురికి పట్టాక ప్రవాహం బాగా పడిపోతుంది. మొక్కల తొట్టికి గంటకు నీటి పరిమాణానికి 5 నుంచి 10 రెట్ల ప్రవాహం ఉండాలని అభిరుచి ఉన్నవారు చెప్పుకుంటారు. నా 40 లీటర్లకు అది 200 నుంచి 400 లీటర్లు. బెట్టా వంటి పొడవాటి రెక్కల చేప ఉంటే కింది అంకె దగ్గరే ఆగాలి, ప్రవాహాన్ని తగ్గించే మీట ఉన్న ఫిల్టరైతే మరీ మంచిది.

నా రెండవ ఫిల్టరు జేబుకు చిల్లు పెట్టిన తీరు కూడా చెప్పాలి. దానిలోని సంచులలో ఉండేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే నీటిలో కరిగినవాటిని పట్టుకునే ఒక రకం బొగ్గు. మందు వాడిన తరువాత నీటిలో మిగిలినదాన్ని తొలగించడానికి, కర్ర నుంచి దిగే టీ రంగును తీయడానికి అది పనికివస్తుంది, కొన్ని వారాలలో దాని శక్తి అయిపోతుంది. నిత్యం ఉంచవలసిన అవసరం లేదు. పైగా సంచి మార్చిన ప్రతిసారీ దాని మీద పెరిగిన సూక్ష్మజీవులను కూడా చెత్తబుట్టలో వేస్తున్నామన్నమాట. సంచులు తీసేసి, ఆ చోటుకు సరిపడేలా ముతక స్పాంజిని కత్తిరించి పెట్టి ఉంటే ఆ ఫిల్టరే ఏళ్ల తరబడి నడిచేది. ఈ ఆలోచన నాకు దాన్ని ఇచ్చేశాక వచ్చింది.

తొట్టి బయట పెట్టి గొట్టాలతో కలిపే కానిస్టర్ ఫిల్టరు గొప్పదే, పెద్ద తొట్టికి దానిని మించినది లేదు. కాని మూసి ఉన్న ఆ డబ్బాలో కరెంటు పోయి నీరు నిలిచిపోతే కొన్ని గంటలలో ఆక్సిజన్ అయిపోయి, లోపలి సూక్ష్మజీవులు చావడం మొదలవుతుంది. తొట్టిలోనే ఉన్న స్పాంజికి ఆ ముప్పు అంత ఉండదు, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఉంటే అసలే ఉండదు. నెల ఖర్చు కూడా చూసుకోవాలి: 5 వాట్ల పరికరం పగలూ రాత్రీ నడిస్తే 30 రోజులకు 3.6 యూనిట్లు, 15 వాట్లదైతే 10.8 యూనిట్లు.

ఏ ఫిల్టరు కొన్నా దాని స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. మొక్కలు ఇంకా వేళ్లూనుకోని తొలి నెలలో నేను ఆ పని చేశాను. క్లోరిన్ కలిసిన నీరు సూక్ష్మజీవులను చంపింది, రెండు రోజులలో తొట్టి పాలనీళ్లలా మారింది, చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం ఆరాటపడ్డాయి. ఇప్పుడు నీరు మార్చేటప్పుడు తొట్టి నుంచి తీసిన బకెట్టు నీటిలోనే స్పాంజిని నాలుగైదు సార్లు పిండి, తిరిగి పెడతాను. తెల్లగా మెరిసేదాకా శుభ్రం చేయను. ఫిల్టరు మార్చవలసి వస్తే పాతదానిని, కొత్తదానిని నెల రోజులపాటు పక్కపక్కనే నడిపిస్తాను, పాత స్పాంజిని పిండగా వచ్చిన గోధుమరంగు నీటిని కొత్త స్పాంజి మీద పోస్తాను. నీరు ఆ సాయంత్రం కాస్త మసకబారుతుంది, మరునాటికి తేటపడుతుంది.