ఫార్వర్డ్ స్లిప్ నాకు ఎలా అలవాటైంది, నా అనుభవం

ఫార్వర్డ్ స్లిప్ (విమానాన్ని పక్కకి వంచి, స్పీడ్ పెరగకుండా త్వరగా ఎత్తు తగ్గించుకునే పద్ధతి) అనే మాట పైలట్ ట్రైనింగ్ మొదట్లోనే చదివాను, కానీ విషయం పూర్తిగా ఎక్కింది సీట్లో కూర్చుని చేసిన తర్వాతే. ఇప్పుడు నేర్చుకుంటున్న వాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

ఫైనల్ లో, అంటే రన్‌వే కి ఎదురుగా దిగే చివరి దారిలో ఉన్నాం, ఎత్తు ఎక్కువైపోయింది అనుకోండి. నోస్ కిందకి వంచితే దిగుతాం, నిజమే, కానీ దాంతో పాటు స్పీడ్ కూడా పెరుగుతుంది, ఆ స్పీడ్ తో రన్‌వే మీదకి వస్తే విమానం నేలకి ఆనకుండా తేలుతూనే పోతుంది, కింద రన్‌వే అయిపోతూ ఉంటుంది. అందుకే థ్రాటిల్ ఐడిల్ కి లాగేసి (ఇంజన్ పవర్ పూర్తిగా తగ్గించి), ఒక రెక్క దించి, రడ్డర్ (నోస్ ని పక్కలకి తిప్పే తోక పలక) పెడల్ దానికి ఎదురు వైపు తొక్కుతాం. బ్యాంక్ (రెక్కల వంపు) విమానాన్ని ఒక వైపు తిప్పాలని చూస్తుంది, రడ్డర్ తిరగనివ్వదు. నోస్ పక్కకి చూస్తున్నా విమానం మాత్రం రన్‌వే లైన్ మీదే వెళ్తుంది, బాడీ పక్క భాగం అంతా గాలికి ఎదురు పడుతుంది కాబట్టి డ్రాగ్ (గాలి నిరోధం) బాగా పెరిగి, స్పీడ్ పెరగకుండానే గబగబా దిగుతాం. పైపర్ కబ్, టైగర్ మాత్ లాంటి పాత విమానాలకి ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్క వెనక అంచున కిందకి దించే పలకలు) ఉండవు, వాటిని నడిపేవాళ్ళకి ఇది రోజువారీ పని.

నాకు కష్టమైంది చెయ్యడం కాదు, మనసు ఒప్పుకోవడం. మొదటి రోజు నుంచి బాల్ (విమానం పక్కకి జారుతోందో లేదో చూపించే మీటర్ లోని గుండు) మధ్యలో ఉండాలి, బాల్ మధ్యలో ఉండాలి అని నేర్పించి, ఇప్పుడు కావాలని పక్కకి తోసెయ్యమంటున్నారు. పైగా కంట్రోల్స్ క్రాస్ చేసి (రెక్క ఒక వైపు, రడ్డర్ ఇంకో వైపు పెట్టి) స్టాల్ అయితే, అంటే రెక్కలు లిఫ్ట్ పోగొట్టుకుంటే, గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్ లోకి పోతామని చదివి ఉన్నాను కదా, అదే అడిగాను. ఇన్‌స్ట్రక్టర్ గారు "నువ్వు భయపడాల్సింది స్కిడ్ కి, స్లిప్ కి కాదు" అన్నారు. బేస్ (ఫైనల్ కి ముందు రన్‌వే కి అడ్డంగా వెళ్ళే దారి) నుంచి ఫైనల్ కి తిరిగేటప్పుడు సరిపోలేదని తిరుగుతున్న వైపే రడ్డర్ ఇంకా తొక్కితే అది స్కిడ్, అందులో లోపలి రెక్క ముందు స్టాల్ అయ్యి విమానం అటే పడిపోతుంది, అది ప్రమాదం. స్లిప్ లో రడ్డర్ ఎదురు వైపు ఉంటుంది, ఇది స్కిడ్ కంటే చాలా నయం, అలా అని స్పీడ్ తగ్గనివ్వొచ్చని కాదు.

ముందు బాగా ఎత్తులో చేయించారు. ఎడమ రెక్క దించి కుడి రడ్డర్ మెల్లగా నొక్కుతూ పోయాను, నోస్ కుడికి వెళ్ళింది, మనిషిని మొత్తం ఎడమ తలుపు వైపు ఎవరో నెడుతున్నట్టు అనిపించింది, ఆ తలుపు మీద గాలి శబ్దం పెరిగింది. ఏఎస్ఐ (స్పీడ్ చూపించే మీటర్) ని నమ్మొద్దన్నారు, సెస్నా 172 లో స్టాటిక్ పోర్ట్ (ఆ మీటర్ కి బయటి గాలి ఒత్తిడి అందించే రంధ్రం) ఎడమ పక్కన ఉంటుంది, గాలి పక్కనుంచి తగిలేసరికి రీడింగ్ తేడా వస్తుంది. అందుకే హొరైజన్ కి నోస్ ఎక్కడుందో చూసుకుని అది పైకి లేవకుండా పట్టుకోవాలి. రడ్డర్ చివరిదాకా తొక్కినా నోస్ తిరిగిపోతోందంటే బ్యాంక్ ఎక్కువ వేశామని అర్థం, కొంచెం తగ్గించాలి.

సైడ్ స్లిప్, ఫార్వర్డ్ స్లిప్ రెండూ ఒకటేనా అని చాలామంది అడుగుతారు. గాలి తగిలే తీరు ఒకటే, పని వేరు. ఫార్వర్డ్ స్లిప్ లో నోస్ పక్కకి ఉంటుంది, ఉద్దేశం ఎత్తు పోగొట్టుకోవడం. సైడ్ స్లిప్ లో నోస్ రన్‌వే తో తిన్నగా ఉంటుంది, పక్క గాలి మనల్ని ఎంత తోస్తోందో అంత మేరకే రెక్క దించి నిలబడతాం. ఈ తేడా నాకు తెలిసింది క్రాస్‌విండ్ (పక్క గాలి) ఉన్న రోజే. గాలి వచ్చే వైపు రెక్క దించి ఫార్వర్డ్ స్లిప్ లో దిగుతూ, నేల దగ్గర పడుతుంటే రెక్క అలాగే కాస్త దించి ఉంచి రడ్డర్ కొంచెం కొంచెం వదిలాను, నోస్ రన్‌వే కి సర్దుకుంది, అదే సైడ్ స్లిప్ అయిపోయింది. ఎంత బాగుందో ఆ క్షణం! అప్పట్నుంచి గాలి వచ్చే వైపు రెక్కే దించమని ఎందుకంటారో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇది చిన్న విమానాలకే అనుకోకండి. 1983 జూలై 23న ఎయిర్ కెనడా 767 కి పౌండ్లు, కిలోల లెక్క తేడాతో ఆకాశంలోనే ఇంధనం అయిపోయింది. కెప్టెన్ బాబ్ పియర్సన్ గ్లైడర్లు నడిపిన మనిషి. కెనడాలోని గిమ్లీ లో పాత ఎయిర్‌బేస్ రన్‌వే కి వస్తుంటే ఎత్తు ఎక్కువైంది, ఇంజన్లు లేవు కాబట్టి గో అరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకి లేచి ఇంకోసారి రావడం) మాట లేదు, అంత పెద్ద జెట్ ని స్లిప్ లో పెట్టి దించారు. ముందు చక్రం లాక్ అవ్వక మడుచుకుపోయింది గానీ ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఇది చదివాక నాకు ఈ టెక్నిక్ మీద గౌరవం ఇంకా పెరిగింది.

బయటికి వచ్చేటప్పుడు రడ్డర్ ఒక్కసారిగా వదలొద్దు, నోస్ విసురుగా తిరుగుతుంది. రెక్కలు లెవెల్ చేస్తూ అదే లయలో రడ్డర్ వదిలి నోస్ సర్దుకోవాలి. మీ విమానం మాన్యువల్ కూడా తప్పకుండా చూడండి, కొన్ని 172 మోడల్స్ లో ఫ్లాప్స్ 20 డిగ్రీలు దాటాక బాగా వంచి స్లిప్ చెయ్యొద్దని ఉంటుంది, ఎలివేటర్ (నోస్ ని పైకీ కిందకీ తిప్పే తోక పలక) ఊగే అవకాశం ఉందని. ట్యాంక్ లో ఫ్యూయల్ తక్కువ ఉన్నప్పుడు ఎక్కువసేపు స్లిప్ లో ఉండొద్దని కూడా ఉంటుంది. ఇంజన్ నడుస్తుండి, స్లిప్ చేసినా ఇంకా ఎత్తులోనే ఉన్నామనిపిస్తే మొహమాటం లేకుండా గో అరౌండ్ చేసెయ్యండి.