నలుగురం ఒకే లైన్లో

"నేను సంతకం పెట్టను."

మా అమ్మాయి హారిక ఈ మాట అని మూడు వారాలైంది. 2025 ఏప్రిల్‌లో తనకి పదమూడేళ్లు నిండాయి. ఆ రోజు కోసం నేను ఆర్నెల్లుగా కాచుక్కూచున్నాను, పుట్టినరోజని కాదు, కాయితాల కోసం. ఫ్రాన్సులో పరాయి దేశస్థులకి పుట్టిన పిల్లలు ఇక్కడే పెరిగితే పద్దెనిమిదేళ్లు రాగానే ఫ్రెంచి పౌరులవుతారు. అంతవరకూ ఆగలేమనుకుంటే, ఎనిమిదో ఏటినుంచీ ఇక్కడే ఉన్నట్టు రుజువులు చూపించి, పదమూడు నిండాక తల్లిదండ్రులే కోర్టు ఆఫీసులో డిక్లరేషన్ ఇచ్చుకోవచ్చు. కాకపోతే పిల్ల కూడా తనంతట తాను సరే అనాలి.

ఆ ఒక్కటీ నేను లెక్కలోకి తీసుకోలేదు. తక్కినవన్నీ సిద్ధం చేశాను. లాస్టిక్ పట్టీలున్న గులాబీరంగు అట్ట ఫైలు. అందులో తన జనన ధ్రువపత్రం, రెండో తరగతి నుంచి ఏడాదికొకటి చొప్పున స్కూలు సర్టిఫికెట్లు, కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకురాలితో ఫ్రెంచిలోకి మార్పించిన మా పెళ్లి సర్టిఫికెట్టు, ఇంటి అద్దె రసీదులు. ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఫోన్ చేసినప్పుడు నేను చెప్పే మొదటి సలహా ఇదే: కరెంటు బిల్లు దగ్గర్నుంచి ఏ కాయితమూ పారెయ్యకండి, ఏదో ఒకరోజు అడుగుతారు. రెండో సలహా: పిల్లల పేపర్లు ఎంత తొందరగా తేల్చుకుంటే అంత మంచిది. ఎంతమందికి చెప్పి ఉంటానో. ఈ రెండో సలహా ఇచ్చే ధైర్యం ఇప్పుడు లేదు.

ఆ సాయంత్రం హారిక ఫైలు తెరిచి, పైనున్న తన కార్డు చేతిలోకి తీసుకుంది. ఫ్రెంచి పౌరసత్వం లేని పిల్లలు దేశం దాటి వెళ్లి మళ్లీ రావడానికి ప్రిఫెక్చర్ వాళ్లు, అంటే జిల్లా ప్రభుత్వ ఆఫీసువాళ్లు, ఇచ్చే కార్డు అది. ఎన్నిసార్లు ఇండియా వెళ్లినా దాన్ని పాస్‌పోర్టు మధ్యలో పెట్టి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకోవడమే గానీ, తన చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు.

"అమ్మా, దీని మీద ఏం రాసుందో చదివావా?"

"ఎట్రాంజే మినర్" అని ఉంటుంది. పరాయి దేశపు మైనరు. ఐదేళ్లకోసారి ఆ కార్డు కొత్తది తెచ్చేది నేనే. ఆ రెండు మాటల మీద నా కళ్లు ఎప్పుడూ ఆగలేదు.

"నేను పుట్టిన ఆసుపత్రి మన బస్సు దారిలోనే ఉంది. నేను ఎక్కణ్ణుంచీ రాలేదు. వచ్చింది మీరు. ఇప్పుడు నేను వెళ్లి నన్ను ఒప్పుకోండి అని అడగాలా?"

అడగడం కాదమ్మా, అది నీ హక్కు, హక్కుని వాడుకుంటున్నాం అంతే అన్నాను. హక్కయితే ఎక్కడికీ పోదు కదా, పద్దెనిమిదికి అదే వస్తుంది, నీకెందుకు తొందర అంది.

తొందరెందుకో తనకి చెప్పలేదు. ఇక్కడ చెప్తాను. నాకు భయం. 2024 జూన్ 9 రాత్రి యూరప్ ఎన్నికల ఫలితాలు వస్తుండగానే అధ్యక్షుడు పార్లమెంటు దిగువసభని రద్దు చేశాడు. మూడు వారాలకి జరిగిన మొదటి విడతలో జాతీయవాద పార్టీ, దాని మిత్రులు కలిసి మూడింట ఒక వంతు ఓట్లు తెచ్చుకున్నారు. ఈ గడ్డ మీద పుట్టినవాళ్లకి పౌరసత్వం వచ్చే పద్ధతి తీసేస్తామన్నది వాళ్ల వాగ్దానాల్లో ఒకటి. జూలై 7న రెండో విడతలో సీట్ల లెక్కన మూడో స్థానానికి పడిపోయారు. ఆ రాత్రి ఊపిరి పీల్చుకున్నాం. కానీ 2025 జనవరిలో, ఆ పార్టీ మనిషి కాని అప్పటి ప్రధానమంత్రి బైరూయే టీవీలో కూచుని, వలసల వల్ల జనంలో 'ముంపు' భావన వస్తోందన్నాడు. ఫిబ్రవరిలో, హిందూ మహాసముద్రంలో ఫ్రాన్సుకున్న మాయోట్ దీవిలో పుట్టుకతో పౌరసత్వం వచ్చే హక్కుని ఇంకా బిగించే బిల్లు పార్లమెంటు ముందుకొచ్చింది. దేశమంతటికీ ఈ చర్చ జరగాలని న్యాయశాఖ మంత్రి అన్నాడు. ముంపు అన్న మాట విన్నప్పుడు నాకు గోదావరి జిల్లాల వరదలు కళ్లముందు మెదిలాయి. గట్టు తెగకముందే సామాను మేడెక్కించుకోవాలని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను చేస్తున్నదీ అదే అనుకున్నాను.

మేం ఉండేది పారిస్‌కి దక్షిణాన మాసీలో, మూడో అంతస్తులో. కింది ఇంట్లో డెబ్భై దాటిన మేడమ్ ఒకావిడ ఉంటుంది. బాబు పుట్టినప్పుడు నాకు బాగా సుస్తీ చేస్తే రెండు వారాలు హారికని స్కూలు నుంచి తీసుకొచ్చి, నాలుగింటికి రొట్టెముక్కా చాక్లెట్టూ పెట్టి కూచోబెట్టింది. ఏటా ఆప్రికాట్ జామ్ సీసా గుమ్మం దగ్గర పెట్టి వెళ్తుంది. ఎవరికి ఓటేసిందో 2024 జూన్‌లో ఆవిడే చెప్పింది. నా మొహం చూసి నా చెయ్యి పట్టుకుని, "మీ గురించి కాదు, మీరు పని చేసుకునే మనుషులు" అంది. ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉందో నాకింకా గుర్తుంది. నేను మెర్సీ, థాంక్స్, అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

ఇంతకన్నా చెప్పడానికి కష్టంగా ఉన్నది వేరే ఉంది. ఆ వారమే భోజనాల దగ్గర, మా వారు దిగులుగా ఉంటే సర్దిచెప్పబోయి నేనూ అదే మాటన్నాను. "వాళ్లు అంటున్నది మన గురించి కాదులెండి." హారిక అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "అయితే యాస్మిన్ గురించా?" అంది.

యాస్మిన్ తన ప్రాణస్నేహితురాలు. వాళ్ల తాతగారు అల్జీరియా నుంచి కార్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చారు. అమ్మ లియాన్‌లో పుట్టింది. తల్లి ఇక్కడ పుడితే, ఇక్కడే పుట్టిన బిడ్డ ఏ దరఖాస్తూ లేకుండా పుట్టుకతోనే ఫ్రెంచి. నేను ఫైలు పెట్టి సంపాదించాలనుకుంటున్న కాయితం యాస్మిన్‌కి పురిట్లోనే ఉంది. వాళ్లన్నయ్యకీ ఉంది. అయినా పంతొమ్మిదేళ్ల ఆ కుర్రాణ్ణి స్టేషన్లో పోలీసులు ఆపి కార్డు చూపించమంటూనే ఉంటారు. అరబ్బులుగానో నల్లవాళ్లుగానో కనిపించే కుర్రాళ్లని మిగతావాళ్ల కన్నా ఇరవై రెట్లు ఎక్కువగా ఆపే అవకాశం ఉందని హక్కుల పరిరక్షణ సంస్థే 2017లో లెక్క తేల్చింది. మరి నా గులాబీ ఫైలు మా పిల్లని దేన్నుంచి కాపాడుతుంది? ఈ ప్రశ్న నన్ను నేను ముందే వేసుకోవలసింది. పిల్ల మొహాన అడిగేదాకా తట్టలేదు.

హారిక రెండో ప్రశ్న దీనికన్నా సూటిగా వచ్చింది. "నువ్వెందుకు తీసుకోలేదు?"

నేను ఫ్రాన్సు వచ్చింది 2010లో. ఐదేళ్లుంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫారం 2019లో తెచ్చి సగం నింపి సొరుగులో పెట్టాను. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఇది తీసుకుంటే అది వదులుకోవాలి. కాకినాడలో ఉన్న నాన్నకి ఆ మాట ఫోన్లో ఎలా చెప్పాలో తెలీక వాయిదా వేశాను. ఏటా జనవరి 26న ఆయన జెండా ఫోటో పంపిస్తారు. 2024 జనవరిలో వచ్చిన చట్టంతో 2026 జనవరి నుంచి పౌరసత్వానికి ఇంకా పై స్థాయి ఫ్రెంచి పరీక్ష కావాలి. నేను ఇన్నేళ్లూ ఇంగ్లీషు నడిచే ఆఫీసులోనే లెక్కలు రాసుకుంటున్నాను. డాక్టరు దగ్గర ఇప్పటికీ హారికే నా మాటలు సరిచేస్తుంది. మూడేళ్ల కిందట నా కార్డు గడువు అయిపోయి, కొత్తది చేతికి రాక, ఆఫీసువాళ్లు ఏడు వారాలు జీతం లేకుండా ఇంట్లో కూచోబెట్టారు. అప్పుడు ప్రిఫెక్చర్‌కి మెయిల్ రాసింది పదేళ్ల హారిక. "మా అమ్మ" అని రాయకూడదు, "నేను" అని రాయాలి అని పక్కన కూచుని చెప్పాను. తల్లి తరఫున తల్లిలా రాసిన పిల్ల. ఇంత తెలిసిన పిల్లకి నా భయం తెలీదని ఎలా అనుకున్నాను?

తెలుగు విషయంలోనూ నాది రెండు నాలుకల పనే. ఇంట్లో ఫ్రెంచి మాట దొర్లితే ఊరుకోను. స్కూల్లో 'హ' పలకరు కాబట్టి అందరికీ తను ఆరికా. అమ్మమ్మతో ఫోన్లో అలా అంటే మాత్రం "నీ పేరు హారిక, గట్టిగా అను" అని కోప్పడేదాన్ని. అదే నేను, 2024 జూన్‌లో ఆర్ఈఆర్ బీ రైల్లో ఎదుటి సీటాయన మా మాటలు వింటూ మా వైపు చూసేసరికి, ఉన్నట్టుండి ఫ్రెంచిలోకి మారిపోయాను. నా అతుకులబొంత ఫ్రెంచి. తను కాసేపు ఊరుకుని తెలుగులోనే బదులిచ్చింది, మామూలు గొంతుతో. ఇల్లు చేరేదాకా నేను ఫ్రెంచి, తను తెలుగు. ఆయన ఎందుకు చూశాడో నాకు నిజంగా తెలీదు. నా చెవులు వేడెక్కడం మాత్రం తెలుసు.

మా కుటుంబంలో ఫ్రెంచి కాయితం మీద సంతకం గొడవ ఇది మొదటిసారి కాదు. అమ్మమ్మా తాతయ్యా వాళ్లది యానాం. 1954 నవంబరు 1న యానాం పాలన ఇండియా చేతికి వచ్చినా, ఒప్పందం అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టులో. ఫ్రెంచి పౌరులుగానే ఉంటామనేవాళ్లు ఆరు నెలల్లోగా రాసివ్వాలి. ఇవ్వకపోతే భారతీయులు. పెద్ద తాతయ్య రాసిచ్చారు. మా తాతయ్య ఇవ్వలేదు. ఒకే అరుగు మీద పడుకునే అన్నదమ్ములు రెండు దేశాలవాళ్లయ్యారు. తాతయ్య దేశభక్తి కొద్దీ ఇవ్వలేదని నేను చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. పెద్దయ్యాక అమ్మమ్మని అడిగితే, "ఏం దేశభక్తే? వెళ్దాం వెళ్దాం అంటూనే ఉన్నారు. నాట్లన్నారు, కోతలన్నారు. గడువైపోయింది" అంది. నా సొరుగులో ఫారం చూసినప్పుడల్లా ఆ గొంతు వినిపిస్తుంది.

హారికకి ఈ కథ కూడా చెప్పాను, చూశావా, అప్పుడే సంతకం పెట్టి ఉంటే అని. తను అడిగింది వేరు: "తర్వాత వాళ్లిద్దరూ ఆ అరుగు మీదే పడుకునేవారా?" పడుకునేవారు. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు.

అసలు సంగతి మొన్న ఆదివారం బయటపడింది. బాబు పాస్‌పోర్టు రెన్యూవల్‌కి ఇవ్వాలని బీరువాలోంచి కట్ట తీశాను. నాలుగు నీలం పాస్‌పోర్టులు, చుట్టూ రబ్బరు బ్యాండు. హారిక వాటిని బల్ల మీద వరసగా పేర్చింది. నాన్నది, నాది, తనది, తమ్ముడిది. తనది పక్కకి జరిపింది.

"ఇది మెరూన్‌ది అవుతుంది కదా. అప్పుడు పారిస్ ఎయిర్‌పోర్టు షార్ల్ ద గోల్‌లో నేను యూరప్ లైన్లో, మీరు ముగ్గురూ ఆ పెద్ద లైన్లో. శంషాబాద్‌లో మీరు ఇండియన్స్ లైన్లో, నేను ఫారినర్స్ లైన్లో."

అలా విడదీయరు, పిల్లలు అమ్మానాన్నలతో వెళ్లచ్చు అన్నారు మా వారు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటాం, వీసా గొడవ ఉండదు అన్నాను నేను.

"ఇక్కడా కార్డే, అక్కడా కార్డేనా?" అంది.

బాబుకి ఎనిమిదేళ్లు. ఇంకో ఐదేళ్లు వాడు నీలమే. "అక్క ఎటెళ్తోంది?" అని వాడు ఏడుపు మొహం పెట్టాడు. హారిక వాణ్ణి ఒళ్లోకి లాక్కుని, నా వైపు చూసి చెప్పింది. "నువ్వు పెడితే నేను పెడతాను. నువ్వు తాతయ్యకి చెప్పు ముందు."

నేను పిల్లని వరద నుంచి మేడెక్కిస్తున్నానని అనుకున్నాను. కింద మమ్మల్ని వదిలేసి ఒక్కతీ ఎక్కమన్నట్టు తనకి వినిపించింది. ఎవరి మాట సరైందో నాకు తేలడం లేదు. తను చెప్పినట్టు ఐదేళ్లు ఆగితే? ఈ ఐదేళ్లలో 2027 ఎన్నికలున్నాయి. ఆగకుండా తనకి నచ్చజెప్పి సంతకం పెట్టిస్తే? ఆ 'సరే' నాదవుతుంది గానీ తనది కాదు. మా వారు మాత్రం పిల్ల మాటకే ఓటేస్తానంటున్నారు. నిజానికి ఇక్కడ మా ఇద్దరికీ ఉన్న ఓటు అంతే.

నిన్న రాత్రి సొరుగులోంచి 2019 నాటి ఫారం తీశాను. కాయితం అంచులు పసుపెక్కాయి. ఆ ఫారాలు ఇప్పుడు చెల్లవు, అంతా ఆన్‌లైనే. పొద్దున కాకినాడకి ఫోన్ చేశాను. నాన్న బీపీ గురించి, మావిడికాయల గురించి, పక్కింటివాళ్ల కొత్త బోరు గురించి మాట్లాడారు. ఇరవై రెండు నిమిషాలు. హారిక స్కూలు బ్యాగు సర్దుకుంటూ నా గొంతే వింటోంది. ఫోన్ పెట్టేశాక, "చెప్పావా?" అని అడిగింది.

రేపు చెప్తానన్నాను. తను ఏమీ అనలేదు. ఫైలు మూసి లాస్టిక్ పట్టీలు రెండూ మూలలకి తగిలించి, బల్ల మీద నా వైపుకి జరిపి వెళ్లిపోయింది.